మండువా ఇంట్లో నా బూడిదరంగు మోజు

తాతగారు కట్టించిన మండువా లోగిలిలో ఉండటం ఎంత అదృష్టమో అని వచ్చినవాళ్లంతా అంటారు. ఒక్క ఫొటో తగిలించి చూడమనండి! మేకు కొడితే నిలవదు, పెచ్చు ఊడి గుప్పెడు సున్నం నెత్తిన పడుతుంది.

పోయిన ఏడాది ముచ్చటపడి ముందు గదికి లేత బూడిదరంగు ప్లాస్టిక్ పెయింటు వేయించాను. సున్నపు గోడ లోపలి చెమ్మను బయటికి వదులుతూ ఉండాలట. ఆ దారి కాస్తా నేను మూసేశాను. నాలుగు వానలు పడేసరికి రంగు అప్పడంలా పొంగి, పొరలు పొరలుగా రాలింది. "సున్నమే వేయించమన్నానుగా" అని నాన్నగారు అనలేదు. గోడ వైపు, నా వైపు చూశారంతే. తిట్టినా బాగుండేది.

ఇక సోఫా. ద్వారబంధంలో పట్టలేదు, కాళ్లు ఊడదీసి, పక్కకు తిప్పి... ఆ కథ వద్దులెండి. తీరా లోపల పెడితే, నల్లబడిన టేకు స్తంభాల మధ్య పిలవని పేరంటానికి వచ్చినట్టు కూర్చుంది. గోడ గూళ్లలో దీపాలు పెడదామంటుంది అమ్మ, పుస్తకాలంటాను నేను. ప్రస్తుతానికి వాటిలో కరెంటు బిల్లులు, నాన్నగారి మోకాళ్ల నొప్పుల తైలం ఉన్నాయి.