పిక్కలు సన్నబడితే అది ఉత్త వయసు ప్రభావమేనా?

చాలామంది పంచుకుంటున్న సలహా ఒకటి ఉంది: "అరవై దాటాక కండ తగ్గడం సహజం. రక్తనాళాల జబ్బుకీ దానికీ సంబంధం లేదు. ఒళ్లు తగ్గితే గుండెకు మేలే. కాళ్లు పట్టేస్తుంటే నడక మానండి. బరువులెత్తితే నరాలు చిట్లుతాయి, ప్రొటీన్ పొడి చాలు. కొలెస్ట్రాల్ మాత్ర కండను తినేస్తుంది, ఆపేయండి." ఇందులో మొదటి వాక్యం సగం నిజం. మిగతావాటితోనే చిక్కు.

ముప్పై దాటాక కండ పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం తగ్గుతుంది. అది అందరికీ ఉండేదే. కానీ కండతో పాటు బలం కూడా ఒక హద్దు కంటే దిగజారితే దాన్ని సార్కోపీనియా అనే జబ్బుగానే లెక్కిస్తారు. చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోండి. 12 సెకన్లు, అంతకు మించి పడితే ఆసియా నిపుణుల 2019 ప్రమాణాల ప్రకారం పరీక్ష చేయించుకోవాల్సిందే.

"సంబంధం లేదు" అన్న మాట అసలు నిలవదు. 17 దేశాల్లో దాదాపు 1.4 లక్షల మందిని గమనించి 2015లో వెలువరించిన ప్యూర్ అధ్యయనంలో, చేతి పట్టు 5 కిలోలు తగ్గిన కొద్దీ గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువగా కనిపించింది. ఎవరు ముందు పోతారో చెప్పడంలో పై బీపీ అంకె కంటే ఈ పట్టే మెరుగ్గా పనికొచ్చింది. పట్టు తగ్గడం వల్లే చనిపోయారని దీనికి అర్థం కాదు. అయితే కండ తగ్గడం, రక్తనాళాల జబ్బు ఒకదాన్నొకటి ఎగదోస్తాయనడానికి కారణాలున్నాయి. ఇన్సులిన్ పనిచేసేటప్పుడు రక్తంలోని చక్కెరలో ఎక్కువ భాగాన్ని లాక్కునేది కండే. అది తగ్గితే షుగర్ అదుపు తప్పుతుంది, ధమనుల లోపలి పొర దెబ్బతింటుంది. అటువైపు ధమని పూడుకుంటే కండకు రక్తం చాలదు. కాలి ధమనులు పూడుకున్నవాళ్ల పిక్కల్లో కండ సన్నబడి, దాని మధ్య కొవ్వు చేరుతుంది.

ఒళ్లు తగ్గడం గురించి ఒక్క మాట: తూకం యంత్రం కరిగింది కొవ్వో కండో చెప్పదు. పొట్ట అలాగే ఉండి తొడలు సన్నబడితే సంతోషించాల్సింది ఏమీ లేదు.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించేది నడక మానమనడం. కాస్త దూరం నడవగానే పిక్క పట్టేస్తుంది, నిలబడితే కొద్ది నిమిషాల్లో వదిలేస్తుంది, మళ్లీ అంతే దూరానికి పట్టేస్తుంది. ఇది కాలి ధమని పూడికకు అచ్చమైన గుర్తు. చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో పోల్చి చూస్తే తేలిపోతుంది. నిష్పత్తి 0.90, అంతకంటే తక్కువైతే జబ్బున్నట్టే. దీనికి ముందు వరసలో ఇచ్చే చికిత్స నడకే. నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్లీ నడవాలి. డాక్టర్ పర్యవేక్షణలో 30 నుంచి 45 నిమిషాలు, వారానికి మూడుసార్లు, కనీసం 12 వారాలు. కూర్చున్నా నొప్పి తగ్గకపోయినా, పుండు మానకపోయినా, వేలు నల్లబడినా మాత్రం నడక సంగతి తర్వాత, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

బరువుల భయంలో కొంత నిజం ఉంది. ఊపిరి బిగబట్టి ఎత్తితే బీపీ ఆ క్షణంలో విపరీతంగా లేస్తుంది. ఊపిరి వదులుతూ, తేలికపాటి బరువుతో మొదలుపెడితే సరి. 1990లో సగటున 90 ఏళ్ల వృద్ధులకు 8 వారాలు కాలి వ్యాయామం చేయిస్తే బలం రెట్టింపు దాటింది. 1994 నాటి మరో ప్రయోగంలో, వ్యాయామం లేకుండా పోషక పానీయం మాత్రమే తాగినవాళ్లకు కండ బలం పెరగలేదు. పొడి సంగతి అంతే.

ఇక కొలెస్ట్రాల్ మాత్ర. స్టాటిన్లు అనే ఈ మాత్రల వల్ల నిజంగా కండ దెబ్బతినడం ఉంది, అరుదు. 2022లో పెద్ద ప్రయోగాలన్నిటినీ కలిపి చూస్తే, స్టాటిన్ వాడేవాళ్లు చెప్పిన కండ నొప్పుల్లో 90 శాతానికి పైగా ఆ మాత్ర వల్ల వచ్చినవి కావని తేలింది. నొప్పి ఎక్కువైతే డాక్టర్‌ను అడిగి, కండ దెబ్బతిన్నదీ లేనిదీ చెప్పే సీకే రక్తపరీక్ష చేయించుకోండి, మోతాదో మందో మారుస్తారు. ధమని పూడికలున్నవాళ్లు సొంతంగా మానేస్తే గుండెపోటు ముప్పు పెరుగుతుంది.