హైడ్రోజన్ అణువు గారికి ఒక సర్వేయర్ విన్నపం

అయ్యా,

విజయవాడ గవర్నర్‌పేట నుంచి ఒక లైసెన్స్‌డ్ సర్వేయర్ నమస్కరించి రాసుకునేది.

పాలపుంతలో అణుమేఘాలన్నీ, అంటే నక్షత్రాల మధ్య చల్లటి వాయువు గుట్టలన్నీ, దాదాపు తమవేనట. కొత్త నక్షత్రాలు పుట్టేది కూడా తమ జాగాలోనే. కానీ తమ పేరు మీద ఒక్క సెంటు కనిపించదే! తమలోని రెండు పరమాణువులూ ఒకటే రకం కాబట్టి విద్యుదావేశం ఎటూ మొగ్గదు. సున్నాకి 250 డిగ్రీల దిగువ చలిలో తమరు రేడియోలో పలకనే పలకరు. ఒంటిగా తిరిగే తమ తమ్ముడు, హైడ్రోజన్ పరమాణువే నయం, 21 సెంటీమీటర్ల రేడియో తరంగం దగ్గర నిజాయితీగా హాజరు వేయించుకుంటాడు.

తమరేమో ఆస్తంతా కార్బన్ మోనాక్సైడ్ పేరున పెట్టారు. తమరు పదివేల మంది ఉన్నచోట ఆ కుర్రాడు ఒక్కడు ఉంటే గొప్ప. పాపం, తిరుగుడులో ఆఖరి మెట్టు దిగినప్పుడల్లా 115 గిగాహెర్ట్జ్ దగ్గర "ఉన్నానండీ" అంటాడు. 1970లో విల్సన్, జెఫర్ట్స్, పెంజియాస్ అనే శాస్త్రవేత్తలు ఒరాయన్ నెబ్యులా వైపు ఆ పలుకు విన్నారు. అప్పటినుంచి సర్వే అంతా బినామీని పట్టుకునే. అమెరికాలో ఒకటి, చిలీలో ఒకటి, నాలుగడుగుల డిష్‌లతో పాలపుంత మొత్తానికీ పటం గీసేసి 2001లో అచ్చేశారు.

ఒకదాని వెనక ఒకటి నక్కిన మేఘాలను వేగాన్ని బట్టి విడదీస్తారు. మనవైపు వస్తే ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది, దూరంగా పోతే తగ్గుతుంది. ఆ వేగం నుంచే దూరం కూడా లెక్క కడతారు. చిక్కల్లా సూర్యుడి కన్నా లోపలి వైపే. అక్కడ ఒకే వేగానికి రెండు దూరాలు వస్తాయి. ఒకే సర్వే నంబరుకి రెండు రిజిస్ట్రేషన్లు! దీనికి మాత్రం మా బెజవాడలో ఎవరూ ఆశ్చర్యపోరు.

నా అసలు గొడవ గట్ల దగ్గర. మేఘం అంచుల్లో అతినీలలోహిత కాంతికి కార్బన్ మోనాక్సైడ్ విరిగిపోతాడు. తమరు మాత్రం ఒకరి చాటున ఒకరు దాక్కుని క్షేమంగా ఉంటారు. బినామీ లేడు, తమరు పలకరు. హద్దు రాయి ఎక్కడ పాతమంటారు? నేనే ఒక డిష్ పెట్టి కొలుద్దామన్నా కృష్ణ ఒడ్డున ఈ ఉక్కపోతలో కుదరదు. గాలిలోని ఆవిరే ఆ తరంగాలను మింగేస్తుంది. ఆల్మా అనే రేడియో టెలిస్కోప్ వాళ్లు 66 డిష్‌లు మోసుకుని 5,000 మీటర్ల ఎత్తున చిలీలోని అటకామా ఎడారికి ఎక్కింది ఊరికే కాదు.

ఒక మాట చెవిన వేస్తాను. కాస్మిక్ కిరణాలు తమ కేంద్రకాలను గుద్దినప్పుడు గామా కిరణాలు పుడతాయి. 2008 నుంచి ఫెర్మి టెలిస్కోప్ ఆకాశంలో తిరుగుతూ వాటినే లెక్కపెడుతోంది. బినామీతో దానికి పనే లేదు. అది నోటీసు ఇచ్చేలోపు వచ్చి మ్యుటేషన్ చేయించుకోండి. ఆధార్ లేకపోయినా చూద్దాం.

ఇట్లు,
తమ విధేయుడు