మహారాజశ్రీ ఆర్పీసీ గారికి, రిసీట్ విషయమై

మహారాజశ్రీ ఆర్పీసీ గారికి,

నమస్కరించి వ్రాయునది. ఇథీరియం బ్లాక్‌చెయిన్ పద్దు నకలు ఉంచుకునే కంప్యూటరు, అంటే నోడు, దాని గుమ్మంలో నిలబడి మా ప్రోగ్రాముల ప్రశ్నలకు జవాబిచ్చే కొలువు తమరిది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, తమరి 8545 పోర్టు తెరిచే ఉంది కాబట్టి తమరి క్షేమానికేం లోటు లేదు. నా క్షేమమే నిన్న మధ్యాహ్నం నుంచి కాస్త తేడా కొట్టింది.

నిన్న ఒక చెల్లింపు తాలూకు ట్రాన్సాక్షన్ మీద సంతకం చేసి తమ చేతికిచ్చాను. కన్ను మూసి తెరిచేలోగా హాష్, అంటే ఆ ట్రాన్సాక్షన్ గుర్తింపు సంఖ్య, ఇచ్చేశారు. సున్నా, ఎక్స్, ఆపైన 64 అక్షరాలు. చూడముచ్చటగా ఉంది. కాకపోతే ఆ హాష్ కోసం తమ దాకా రానక్కర్లేదు, సంతకం చేసిన బైట్ల మీద కెచాక్-256 అనే లెక్క నడిపితే నా లాప్‌టాప్‌లోనే వస్తుంది. అంటే నా సొమ్మే నాకు బహూకరించి "పుచ్చుకున్నాం" అన్నారన్నమాట. పోనీలే, పెద్దవారు, పుచ్చుకున్నారంటే పని చూస్తారు అనుకున్నాను.

రిసీట్, అంటే ట్రాన్సాక్షన్ పద్దులోని ఒక పుటకి, అదే బ్లాక్‌లోకి, ఎక్కిందన్న రుజువు, అడిగాను. ఖాళీ జవాబు: నల్.

కాసేపాగి అడిగాను. నల్. అవతల డబ్బు రావాల్సినాయన చాట్‌లో "అయిందా అండీ" అని పెట్టాడు. "చూస్తున్నానండీ" అని జవాబిచ్చి మళ్లీ అడిగాను. నల్. 12 సెకన్లకో బ్లాక్ పుట్టే చెయిన్ మీద పొద్దు వాలుతోంది. ఈలోగా ఆయన "అండీ" మానేసి ఉత్త "అయిందా"కి దిగాడు. తమరు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు అదే మాట.

అసలు ఆ నల్ అంటే ఏమిటో సెలవిస్తారా? ట్రాన్సాక్షన్ మెంపూల్‌లో, అంటే బ్లాక్‌లోకి ఎక్కేముందు ఆగే చోట, వరసలో ఉంటే నల్. ఫీజు చాలక మెంపూల్ నుంచి గెంటేస్తే నల్. అలాంటి హాష్ పుట్టనే లేదంటే నల్. రీఆర్గ్‌లో, అంటే చెయిన్ కొస మారినప్పుడు, బ్లాక్ ఎగిరిపోతే నల్. పాత ట్రాన్సాక్షన్ల ఇండెక్స్ కత్తిరించేసుకున్నా నల్. వీటిలో ఒకదానికి ఆగాలి, ఒకదానికి ఫీజు పెంచాలి, ఒకదానికి గుండె పట్టుకుని కూర్చోవాలి. ఏది చేయాలో మేం ఎలా తెలుసుకోవాలి? పైగా జవాబు పైన 200 ఓకే అని, అంటే పని సజావుగా జరిగిందని, ఒక ముద్ర. ఏం ఓకే?

తమరు వెనకబడ్డారేమోనని అనుమానం వచ్చి, మర్యాదగా సింకింగ్ సంగతి, అంటే చెయిన్‌ని అందుకునే పనిలో ఉన్నారా అని, అడిగాను. "ఫాల్స్" అన్నారు. హమ్మయ్య అనుకునే వీలు కూడా లేదు, ఎందుకంటే తమరి దగ్గర ఫాల్స్‌కీ రెండు నాలుకలు. అంతా అందుకున్నాను కాబట్టి సింక్ అవడం లేదన్నా ఫాల్సే, అసలు పరుగే మొదలుపెట్టలేదన్నా ఫాల్సే. 2022 సెప్టెంబరులో మెర్జ్ అనే మార్పు జరిగినప్పటి నుంచి తమరికి చెయిన్ కొస ఎక్కడుందో చెప్పాల్సింది పక్కనున్న రెండో ప్రోగ్రాము, కన్సెన్సస్ క్లయింట్. అది నోరు మూసుకుంటే తమరు ఉన్నచోటే కూర్చుంటారు. కూర్చుని, "నేనేం సింక్ కావడం లేదే" అంటారు. అబద్ధమని ఎవరనగలరు!

ఇక తిక్కరేగి, సంతకం చేసిన అదే ట్రాన్సాక్షన్‌ని అక్షరం మార్చకుండా మళ్లీ పంపాను. "నాన్స్ టూ లో" అని కసిరారు. నాన్స్ అంటే నా ఖాతా నుంచి వెళ్లే ట్రాన్సాక్షన్ల వరస సంఖ్య. ఒక్క క్షణం ఆగి ఆలోచించండి సార్. నాన్స్ తక్కువైందంటే ఆ నాన్స్ అప్పటికే ఖర్చయిపోయింది. ఖర్చయిందంటే నా ఖాతా నుంచి ఏదో ఒకటి బ్లాక్‌లోకి ఎక్కింది. ఆ నాన్స్‌తో నేను సంతకం చేసింది దీనొక్కదాని మీదే. రిసీట్ అడిగితే లేదన్న నోటితోనే, మళ్లీ పంపితే ఎప్పుడో అయిపోయిందన్నారు. తమరి జవాబులో దొరకని నిజం తమరి తిట్టులో దొరికింది!

అప్పుడు లేటెస్ట్ బ్లాక్ తెప్పించి టైమ్‌స్టాంప్ హెక్స్ (పదహారు ఆధారంగా రాసే సంఖ్య) విప్పి చూశాను. నేను ట్రాన్సాక్షన్ పంపకముందటి టైము. అదీ తమరి లేటెస్టు. ప్రశ్నల్ని నోడ్లకి పంచే లోడ్ బ్యాలెన్సర్ వెనకాల ఒక నోడు ఎప్పుడో కునుకు తీసింది. నేను పంపేవి మెలకువగా ఉన్నదానికి పోతున్నాయి, నేను అడిగేవి పడుకున్నదానికి పోతున్నాయి. బయటికి మాత్రం రెండూ కలిసి ఒకే యూఆర్ఎల్, ఒకే పెద్దమనిషి.

ఇక్కడితో మీరులు, తమరులు చాలు.

ఒరే, నీకేం పోయేది? "ఫలానా నంబరు బ్లాక్ దాకా చూశాను, అందులో లేదు" అని ఒక్క ముక్క కలిపితే నీ సొమ్మేం పోయేది? ఆ నంబరు నీ దగ్గరే ఉంది. ప్రతి జవాబుతో పాటు నా ప్రశ్న నంబరైన ఐడీ తిరిగి పంపుతావు, 2.0 అని నీ వెర్షన్ డప్పు కొట్టుకుంటావు. ఎవడికి కావాలిరా నీ వెర్షను? ఏ ఎత్తు మీద నిలబడి మాట్లాడుతున్నావో చెప్పు చాలు. నిన్న నీ నల్ నమ్మి కంగారుపడి ఎవడైనా కొత్త నాన్స్‌తో ఇంకో చెల్లింపు పంపి ఉంటే డబ్బు రెండుసార్లు పోయేది. దాన్ని వెనక్కి తెచ్చే మెథడ్ (నువ్వు వినే ఆజ్ఞ) నీ జాబితాలో ఉందా? లేదు. వెతుక్కోనక్కర్లేదు, నాకు తెలుసు.

బిట్‌కాయిన్ వైపు మీ అన్నగారున్నారు, 8332 పోర్టులో కాపురం. ఆయనేం సుతిమెత్తని మనిషి కాదు. అయినా పాత ట్రాన్సాక్షన్ అడిగితే, మెంపూల్‌లో లేదు, టీఎక్స్ ఇండెక్స్ (ట్రాన్సాక్షన్ల సూచిక) పెట్టుకో, లేదా బ్లాక్ హాష్ ఇవ్వు అని దారి చూపించి మరీ పొమ్మంటాడు. నిద్రలేచేటప్పుడు అడిగితే మైనస్ 28 అనే ఎర్రర్ నంబరుతో, ఇంకా బ్లాక్ ఇండెక్స్ లోడవుతోందని చెబుతాడు. లేదనడంలోనూ పద్ధతి ఉంటుంది.

నీ మిగతా లీలలు ఎత్తుకుంటే తెల్లారుతుంది. సర్వర్ తప్పుల కోసం మైనస్ 32000 నుంచి మైనస్ 32099 దాకా నూరు నంబర్లు కేటాయించారు, నువ్వు దాదాపు అన్నిటినీ మొదటి నంబర్లోనే కుక్కుతావు. 1024ని హెక్స్‌లో రాస్తూ ముందొక సున్నా ఎక్కువ పెడితే చెల్లదంటావు, అదే అడ్రస్‌లో ముందున్న సున్నా తీసేస్తే ఒప్పుకోవు. 128 బ్లాక్‌ల కిందటి బ్యాలెన్స్ అడిగితే, అంటే పట్టుమని అరగంట కూడా కాని సంగతి, "మిస్సింగ్ ట్రై నోడ్" అని చేతులెత్తేస్తావు. పాత లెక్కలన్నీ దాచే ఆర్కైవ్ నోడు కావాలట! లాగ్స్, అంటే చెయిన్ మీద నడిచే ప్రోగ్రాములు వదిలిన నమోదులు, అడిగితే బ్లాక్‌ల రేంజ్ ఎక్కువైందంటావు. తగ్గిస్తే ఫలితాలు ఎక్కువయ్యాయంటావు. ఇంకా తగ్గించి గబగబా అడిగితే 429, అంటే మరీ ఎక్కువసార్లు అడిగావని.

సొంత నోడు పెట్టుకోవయ్యా అని సలహా ఇచ్చే పుణ్యాత్ములు ఉంటారు. పెట్టుకున్నవాళ్లకి తెలుసు. టెరాబైటు దాటిన డిస్కు, రెండు ప్రోగ్రాములు, వాటి మధ్య 8551 పోర్టులో జేడబ్ల్యూటీ అనే ఒక రహస్యపు తాళంచెవి. ఒకటి పడుకుంటే రెండోది అలుగుతుంది.

ఇంత తిట్టాక ఒకమాట చెప్పకపోతే నాకే బాగోదు. 2015 జూలై 30 నాటి జెనెసిస్ బ్లాక్‌ని, అంటే మొట్టమొదటి దాన్ని, ఇవాళ ఒక్క కర్ల్ లైనుతో అడిగితే టక్కున ఇస్తావు. ఎవరు, ఎందుకు అని అడగవు, ఫారాలు నింపమనవు. అప్పట్లో బ్యాలెన్స్ అడగడానికి రాసిన కోడు మెథడ్ పేరు మార్చకుండా ఇంకా నడుస్తోంది. ఏడాదికోసారి ఏపీఐ మార్చి మా కొంపలు ముంచేవాళ్లని చూశాక నీ మొండితనం మీద కొంచెం గౌరవమే. కొంచెమే.

ప్రస్తుతానికి నా ఏర్పాట్లు నేను చేసుకున్నాను. రిసీట్ అడిగేముందు నీ లేటెస్ట్ బ్లాక్ టైమ్‌స్టాంప్ చూస్తాను. నిమిషం కంటే పాతదైతే నీతో మాటల్లేవు. నల్ వస్తే ఇంకో నోడుని కూడా అడుగుతాను, నాన్స్ ఎంతకొచ్చిందో కూడా లెక్క చూస్తాను. నీ మాట మీద నమ్మకం లేక రాసిన కోడు, అసలు పని చేసే కోడు కంటే పొడుగైంది.

రేపు లాగ్స్ కోసం వస్తాను. రేంజ్ చిన్నదే అడుగుతాలే.

ఇట్లు,
మీకు వచ్చే ప్రతి ఉత్తరం లాగే,
ఐడీ: 1