బోర్లించిన తరగతిలో కుండలు

విద్యారంగంలో ఏ విప్లవం వచ్చినా చివరికి కుమ్మరి సారె దాకా రాక తప్పదు. బెంగళూరులో వచ్చేసింది కూడా. ఆదివారం పొద్దున్నే మట్టి పిసుకుదామని వైట్‌ఫీల్డ్ నుంచీ, మారతహళ్ళి నుంచీ బయల్దేరే మన తెలుగు సాఫ్ట్‌వేర్ జనం ఇప్పుడు ఊరికే వెళ్ళడం లేదు. 6 వీడియోలు చూసి, 10 ప్రశ్నల క్విజ్ పాసై మరీ వెళ్తున్నారు. దీని పేరు ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్. తిరగేసిన తరగతి అనొచ్చు గానీ, వ్యవహారం కుండలది కాబట్టి బోర్లించిన తరగతి అనడమే న్యాయం.

ఈ పద్ధతికి పేరు తెచ్చినవాళ్ళు అమెరికాలోని కొలరాడోలో ఇద్దరు కెమిస్ట్రీ మాస్టర్లు, జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్. క్లాసుకు రాలేకపోయిన పిల్లల కోసం 2007లో పాఠాలు రికార్డు చేయడం మొదలుపెట్టారు. తర్వాత పాఠం ఇంట్లో, అభ్యాసం బళ్ళో అన్నారు. కెమిస్ట్రీకి ఇది బ్రహ్మాండంగా కుదురుతుంది. ఉపన్యాసం ఉన్నచోట ఉపన్యాసాన్ని ఇంటికి పంపొచ్చు. కుమ్మరి ఇంట్లో ఉపన్యాసం ఎక్కడుంది? పిల్లాడు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ చూస్తాడు, మట్టి తొక్కుతాడు, సారె దగ్గరికి ఆనక వస్తాడు. చూడ్డం ఇంట్లోనే, చేయడం గురువు ముందరే. అంటే ఆ తరగతి మొదటినుంచీ బోర్లించే ఉంది. దాన్ని మనం మళ్ళీ బోర్లించాం. బోర్లించినదాన్ని బోర్లిస్తే ఏమవుతుందో కుండలు తోమే ఎవరికైనా తెలుసు. ఆ విధంగా, పాఠమనేదే లేని విద్యలోకి గంటన్నర పాఠం ప్రవేశపెట్టగలిగాం. దీన్ని ప్రగతి అనకపోతే మరేమంటాం?

సిద్ధాంతం ప్రకారం వీడియో చూడాల్సింది ఇంట్లో. బెంగళూరులో ఇల్లు అంటే సిల్క్ బోర్డు జంక్షన్‌లో ఆగిపోయిన క్యాబు. ఉన్న సమయంలో 6 వీడియోలు అవ్వాలి కాబట్టి అందరూ రెట్టింపు వేగంలో చూస్తారు. ఇక్కడే మొదటి చిక్కు. మట్టిముద్దను సారె మధ్యకు తెచ్చేటప్పుడు కరెంటు సారె నిమిషానికి సుమారు 200 చుట్లు తిరుగుతుంది. కుండ గోడ లేపేటప్పుడు అందులో సగం చాలు, అంచు దగ్గర ఇంకా తగ్గాలి. రెట్టింపు వేగంలో ఆ 200 కాస్తా 400లా కనిపిస్తుంది. మామూలు సారెలు చాలావరకు పెడల్ పూర్తిగా తొక్కినా 250 దాటవు. శిష్యుడు మాత్రం తను చూసిన వేగం అందుకోవాలని పెడల్‌ను నేలకు అదిమేస్తాడు. కిలో మట్టి, నీళ్ళతో సహా, పక్కవాళ్ళ చొక్కా మీదికి వెళుతుంది. ఇందులో శిష్యుడి తప్పేమీ లేదు. సిలబస్ పూర్తి చేశాడు.

రెండో చిక్కు మరీ ముచ్చటైనది. కొన్ని వీడియోలు సెల్ఫీ కెమెరాతో తీసినవి. కొన్ని ఫోన్లు బొమ్మను అద్దంలోలా కుడి ఎడమలు మార్చి దాచుకుంటాయి. అంటే వీడియో కూడా బోర్లించిందే, పద్ధతికి ఇంతకన్నా విధేయత ఏం కావాలి! మన స్టూడియోల్లో సారె ఎక్కువగా గడియారానికి ఎదురు దిక్కున తిరుగుతుంది. అప్పుడు కుడిపక్కన పనిచేయాలి, ఎందుకంటే అక్కడ మట్టి వేళ్ళను రాసుకుంటూ అవతలికి జారిపోతుంది. అద్దపు వీడియో చూసినవాడు ఎడమపక్కన చేతులు పెడతాడు. అక్కడ మట్టి ఎదురొచ్చి వేళ్ళలోకి గుచ్చుకుంటుంది, గోడ చిరుగుతుంది. "వీడియోలో ఇలాగే పట్టుకున్నారు కదండీ!" అని ఆయన, "కాదండీ, ఆ చెయ్యి కాదు, ఈ చెయ్యి" అని టీచరమ్మ. ఇలా పావుగంట. జపాన్ పద్ధతిలో సారె గడియారం దిక్కుకే తిరుగుతుంది కాబట్టి, శిష్యుడు తనకు తెలియకుండానే క్యోటోలో చేరిపోయాడని సర్దుకోవచ్చు.

ఇక మట్టిని మధ్యకు తేవడం. విద్యంతా ఇక్కడే ఉంది. "కేంద్రీకరణ అనగానేమి?" అన్న క్విజ్ ప్రశ్నకు అందరికీ పదికి పది. మోచేతిని తొడకో తుంటికో గట్టిగా ఆనించి, ఎడమ అరచేతిలో మణికట్టు దగ్గరి భాగంతో పక్కనుంచి, కుడిచేత్తో పైనుంచి, చేతుల బలంతో కాక ఒంటి బరువుతో నొక్కాలి. సరిగ్గా చేసేవాళ్ళ చేతులు కదలవు. అందుకే వీడియోలో చూస్తే టీచరమ్మ తిరుగుతున్న మట్టి మీద చేతులు వేసి విశ్రాంతి తీసుకుంటున్నట్టు ఉంటుంది. శిష్యుడూ విశ్రాంతి తీసుకుంటాడు. మట్టి మాత్రం అతని చేతుల్ని ఊపుతూ ఉంటుంది. ఒత్తిడి కెమెరాలో పడదు. పడేది నీళ్ళు పోయడం ఒక్కటే, కాబట్టి అది బాగా వంటబడుతుంది. పది నిమిషాల్లో మట్టి చారవుతుంది. ఆ చారును సింకులో పారబోస్తే గొట్టం మూసుకుపోతుందని, బకెట్లో తేరనిచ్చి పైనీళ్ళు మళ్ళీ వాడుకోవాలని ఒక్క వీడియోలోనూ లేదు. ట్యాంకరు నీళ్ళతో బతికే ఊళ్ళో మొదటి వీడియోగా తీయాల్సింది అదే.

నిజం చెప్పాలంటే ఇంటికి పంపదగ్గ పాఠాలు లేకపోలేదు. కుండను తీగతో నిలువునా కోసి, అడుగు ఎంత మందముందో, గోడ కింద లావుగా పైన పల్చగా ఎలా అయిందో చూపించే వీడియో బంగారం. అడుగు 8 నుంచి 10 మిల్లీమీటర్లు ఉంచాలి, ఆ తర్వాత దాన్ని స్పాంజితో అదిమి గట్టిపరచాలి, నీళ్ళు నిలవనివ్వకూడదు. లేకపోతే ఆరేటప్పుడు అడుగున పాము మెలికలాంటి పగులు వస్తుంది. కెమెరా పెట్టాల్సింది ఎదురుగా కాదు, చేసేవాళ్ళ భుజం మీదుగా. మట్టి పిసకడం చపాతీ పిండితో ఇంట్లోనే సాధన చేయొచ్చు. పిండి సాగి వెనక్కి లాగుతుంది, మట్టి లాగదు, అంతే తేడా. ఇవన్నీ తీయడం కష్టం. నేపథ్యంలో వేణువు పెట్టి, చేతులు స్లో మోషన్‌లో తీయడం సులువు.

హోంవర్క్ విషయానికొస్తే, ఈ తరగతిలో అది చేసేది కుండ ఒక్కటే. మార్చి ఎండలో ఫ్యాను కింద పెడితే అంచు ముందు ఆరి చీలుతుంది, జులై ముసురులో వారమైనా తడి వదలదు. ఆరని కుండను బట్టీలో పెడితే లోపలి నీరు ఆవిరై పేలుతుంది. శిష్యులు మాత్రం "గాలి బుడగ వల్ల" అని క్విజ్‌లో నేర్చుకున్న జవాబే చెబుతారు. ఇక కాలాక మట్టి కుదించుకుపోతుంది. ప్రతి కొలతలోనూ 12 శాతం తగ్గిందనుకుంటే, 300 మిల్లీలీటర్ల కప్పు 200 దగ్గర తేలుతుంది. సారె మీద కాఫీ మగ్గు చేసినవాళ్ళు ఇంటికి ఫిల్టర్ కాఫీ కప్పు తీసుకెళ్తారు. ఈ ఊళ్ళో అది నష్టమేమీ కాదు.

బెన్సన్ టౌన్ పక్కనే పాటరీ టౌన్ ఉంది. వినాయకులు, దీపావళి ప్రమిదలు చేసే కుమ్మరులు అక్కడున్నారు. వెళ్ళి పక్కన నిలబడి గంటసేపు చూడొచ్చు. పాజ్ బటన్ లేకపోవడం ఒక్కటే లోపం.

ఈ కోర్సులో నిజంగా బోర్లించాల్సిన ఘట్టం ఒకటి మిగిలింది. సగం ఆరిన కుండను సారె మీద బోర్లించి, అడుగున మిగులు మట్టిని చెక్కాలి. మట్టి పదును, అంటే తడి ఎంతుందన్నది, చాలా ముఖ్యం. పచ్చిగా ఉంటే అంచు కుంగుతుంది, మరీ ఆరితే పరికరం కీచుమంటూ జారుతుంది, గోరుతో నొక్కితే గుర్తు పడాలి గాని దిగబడకూడదు. అది 6వ వీడియో. క్యాబు అప్పటికే స్టూడియో గుమ్మం ముందు ఆగి ఉంటుంది కాబట్టి, దాన్ని ఎవరూ చూడరు.