పది వారాల్లో ఏం నేర్పుతారు?

బీజింగ్‌లోని సింఘువా యూనివర్సిటీకి ఇప్పుడు ప్రపంచ ర్యాంకుల్లో పైవరసలో చోటుంది. 1911లో మాత్రం అది అమెరికా వెళ్లే కుర్రాళ్లను తయారుచేసే బడిగా మొదలైంది. 1900లో చైనాలో విదేశీయుల మీద జరిగిన బాక్సర్ తిరుగుబాటు తర్వాత పరిహారం పేరుతో చైనా నుంచి అమెరికా ఎక్కువగా గుంజిన సొమ్ములో కొంత వెనక్కి ఇస్తే, ఆ డబ్బుతో నడిచింది. చదువు ఎనిమిదేళ్లు. అమెరికన్ టీచర్లు, ఇంగ్లిష్‌లో పాఠాలు. అక్కడి తరగతి గది ఎలా ఉంటుందో ఓడ ఎక్కకముందే కుర్రాడికి తెలిసిపోయేది.

ఇప్పుడు చైనా విద్యార్థుల విషయంలో బ్రిటన్ యూనివర్సిటీలు అదే పని పది వారాల్లో కానిచ్చేస్తున్నాయి. బ్రిటన్‌లో మాస్టర్స్ సీటుకు ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షలో చాలాచోట్ల తొమ్మిదికి ఆరున్నరో ఏడో అడుగుతారు. ఆరు దగ్గర ఆగిపోయిన విద్యార్థికి షరతు మీద సీటిచ్చి, ముందు వేసవిలో 'ప్రీ-సెషనల్' ఇంగ్లిష్ కోర్సులో కూర్చోబెడతారు. దానికి ఫీజు వేరే. సెప్టెంబరులో అది ముగియగానే అసలు కోర్సు మొదలు.

ఆ తరగతి గదిలోకి ఒకసారి తొంగిచూడండి. చాలాచోట్ల పదిహేను మంది ఉంటే పది పన్నెండు మంది చైనా నుంచి వచ్చినవాళ్లే. మధ్యలో విరామం ఇస్తే మాటలన్నీ మాండరిన్‌లోనే, హోంవర్క్ చర్చంతా చైనావాళ్ల వాట్సాప్ లాంటి వీచాట్ గ్రూపులోనే. టీచర్ రెండు పేజీల వ్యాసం ఇచ్చి 'ఈ రచయిత చెప్పినదాంట్లో మీరు ఒప్పుకోనిది ఏమిటి?' అని అడుగుతారు. తలలు వంగిపోతాయి. కాసేపటికి ఒకమ్మాయి లేచి వ్యాసం సారాంశం ఒక్క ముక్క పోకుండా చెబుతుంది. 'బాగుంది, మరి మీరేమంటారు?' అంటే మళ్లీ నిశ్శబ్దం.

ఇది చూసి, చైనా పిల్లలంతే, కన్ఫ్యూషియస్ కాలం నుంచీ గురువుకు ఎదురు చెప్పరు అని తేల్చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. మేం ఒప్పుకోం. అదే అమ్మాయి సాయంత్రం హాస్టల్ వంటగదిలో స్నేహితులతో ఎంతసేపైనా వాదించగలదు. తరగతిలో వాదిస్తే మార్కులు పడతాయని ఇన్నేళ్లలో ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే. కాలేజీ ప్రవేశాలకు జరిగే 'గావ్‌కావ్' పరీక్షకు 2024లో పేరిచ్చినవాళ్లు కోటీ 34 లక్షల మంది. స్వదేశంలోనే పీజీ చేయడానికి 2023లో పరీక్షకు దరఖాస్తు చేసింది 47 లక్షల 40 వేల మంది. ఆ తొక్కిసలాటలో నిలబడడానికి కావలసింది సరైన జవాబు గానీ సొంత అభిప్రాయం కాదు.

ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ కూడా అదే దారిలో నడుస్తుంది. పరీక్ష రాసి వచ్చినవాళ్ల దగ్గర ప్రశ్నలు సేకరించి సంకలనాలు వేస్తారు. వాటికి 'జీజింగ్' అని పేరు కూడా ఉంది. ఏ విషయం మీద వ్యాసం అడిగినా 'విత్ ద రాపిడ్ డెవలప్‌మెంట్ ఆఫ్ సొసైటీ' అని ఎత్తుకునే రెడీమేడ్ మూసలు ఉంటాయి. నవ్వకండి. 'చిన్నప్పటి నుంచీ నాకు కంప్యూటర్లంటే ప్రాణం' అని మొదలయ్యే ఎస్‌ఓపీలు, అంటే సీటు కోసం రాసే 'నా లక్ష్యం' వ్యాసాలు, అమీర్‌పేటలో ఎన్ని తయారవుతున్నాయో మనకు తెలియనిది కాదు. అమెరికాలో 2023-24 విద్యా సంవత్సరానికి మన విద్యార్థులు 3,31,602 మంది, చైనా వాళ్లు 2,77,398 మంది. వాళ్లను దాటేశాం. వాళ్ల ఇబ్బందులూ మనతో పాటే వచ్చాయి.

కాపీ విషయంలోనూ పాత అపోహ ఒకటి ఉంది. చైనా విద్యార్థులకు కాపీ తప్పని తెలియదంటారు. ఎందుకు తెలియదు? అక్కడ డిగ్రీ చివరి ఏడాది థీసిస్‌ను పాత రాతలతో కంప్యూటర్‌లో పోల్చి చూస్తారు. 2019లో ఒక పేరున్న నటుడి పీహెచ్‌డీ బండారం బయటపడ్డాక ఈ తనిఖీ ఇంకా బిగిసింది. దాంతో ఏమైంది? పోలిక శాతాన్ని తగ్గించిపెట్టే వ్యాపారం ఒకటి పుట్టుకొచ్చింది. వాక్యాన్ని అటూ ఇటూ తిప్పి రాసి మెషీన్‌ను దాటించడం పిల్లలకు బాగా వంటబట్టింది. ఇతరుల మాటను వాళ్ల పేరుతోనే చెప్పి, దాని పక్కన తన మాట ఎలా పెట్టాలో మాత్రం ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు.

ఇదంతా బ్రిటన్ యూనివర్సిటీలకు తెలియదా? బాగా తెలుసు. ఇంగ్లండ్‌లో స్వదేశీ డిగ్రీ విద్యార్థుల ఫీజు 2017 నుంచి 2025 దాకా 9,250 పౌండ్ల దగ్గరే ఆగిపోయింది. విదేశీ విద్యార్థుల ఫీజుకు అలాంటి పరిమితి లేదు. చైనా నుంచి వచ్చే సుమారు లక్షన్నర మంది లేకపోతే చాలా యూనివర్సిటీల బడ్జెట్లు తలకిందులవుతాయి. అలాంటప్పుడు ఆరు స్కోరున్న పిల్లాడికి 'ఇంకో ఏడాది ఆగి రా నాయనా' అని ఎవరు చెబుతారు?

పైగా మాస్టర్స్ ఒక్క ఏడాదే. సెప్టెంబరులో చేరితే క్రిస్మస్ దాటేలోపే మొదటి అసైన్‌మెంట్లు, వేసవికల్లా డిసర్టేషన్, అంటే పరిశోధన వ్యాసం. హు షీ అనే కుర్రాడు 1910లో బాక్సర్ సొమ్ము మీదే కార్నెల్‌కు వెళ్లి వ్యవసాయం చదువులో చేరాడు. ఆపిల్ రకాలు గుర్తుపట్టే క్లాసులో తెల్లమొహం వేసి, ఇది తన వల్ల కాదని ఫిలాసఫీకి మారిపోయాడు. అమెరికాలో ఏడేళ్లున్నాడు. ఆధునిక చైనా మేధావుల్లో మొదటి వరసలో నిలిచాడు. ఇవాళ్టి విద్యార్థికి ఆపిళ్ల దగ్గర తడబడే తీరికే లేదు.

తిరిగి వెళ్లాక ఏమవుతుందో చైనా వాడుక మాటలే చెబుతాయి. సముద్రం దాటి చదువుకొని వచ్చినవాణ్ని 'హైగుయ్' అంటారు. పలకడంలో సముద్రపు తాబేలు అన్న మాట కూడా అదే. ఉద్యోగం దొరక్క ఎదురుచూస్తుంటే 'హైదై' అంటారు, అంటే సముద్రపు నాచు. తేలిగ్గా వచ్చేసిన ఏడాది డిగ్రీకి పెట్టిన పేరు 'నీళ్ల మాస్టర్స్'. మన నీళ్ల మజ్జిగ లాంటిదన్నమాట. ఒక్కగానొక్క బిడ్డ కోసం దాచిందంతా ఊడ్చిపెట్టిన అమ్మానాన్నలకు ఆ మాట ఎలా వినిపిస్తుందో ఊహించుకోవచ్చు.

పది వారాల కోర్సును ఎత్తేయమని మేం అనడం లేదు. దాన్ని ఇంగ్లిష్ టీచర్ల నెత్తిన మాత్రమే పడేయకూడదు. ఆ విద్యార్థి చేరబోయే డిపార్ట్‌మెంట్ అధ్యాపకులూ వచ్చి, తమ సబ్జెక్టు వ్యాసాలే చదివించాలి. మొదటి అసైన్‌మెంట్ మార్కులు లెక్కలోకి తీసుకోకూడదు. ఎర్రసిరాతో దిద్ది వెనక్కివ్వాలి, మళ్లీ రాయించాలి. చైనా యూనివర్సిటీలు కూడా చివరి ఏడాదిలో వారానికి ఒక గంట, 'నేను ఒప్పుకోను, ఎందుకంటే' అన్న వాక్యంతో పిల్లలను మాట్లాడించవచ్చు. అది చైనా భాషలోనే జరిగినా ఫరవాలేదు. ముందు ఆ అలవాటు రావాలి, ఇంగ్లిష్ దాని వెనకే వస్తుంది.

ఇంకొకటి. ప్రీ-సెషనల్ దారిలో వచ్చినవాళ్లలో ఎంతమంది మాస్టర్స్ పూర్తి చేశారు, ఎన్ని మార్కులతో చేశారు అన్నది ఏటా ఆ యూనివర్సిటీయే బయటపెట్టాలి. రంగురంగుల బ్రోషర్‌లో క్యాంపస్ పచ్చిక ఫొటోకు ఒక పేజీ, హాస్టల్ గది ఫొటోకు ఇంకో పేజీ ఇస్తున్నవాళ్లకు ఈ రెండు అంకెలు వేయడానికి జాగా దొరక్కపోదు.