ఉద్దానం తోటలకూ ఉపగ్రహం కావాలి

2024 నవంబరులో యాపిల్ సంస్థ గ్లోబల్‌స్టార్ అనే ఉపగ్రహ కంపెనీతో పెద్ద ఒప్పందం చేసుకుంది. కొత్త ఉపగ్రహాల కోసం 110 కోట్ల డాలర్ల వరకు అడ్వాన్స్, అనుబంధ సంస్థలో 20 శాతం వాటాకు మరో 40 కోట్ల డాలర్లు. సిగ్నల్ లేని చోట నుంచి కూడా తన ఫోనులో మెసేజ్ వెళ్లాలని యాపిల్ అనుకుంది, ఆ పని చేయగల కంపెనీకి ముందే డబ్బు కట్టింది.

మన దగ్గరా ఇదే దారి. 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ రాకెట్‌ను పంపిన హైదరాబాద్ కంపెనీ స్కైరూట్‌లో పునరుత్పాదక విద్యుత్ సంస్థ గ్రీన్‌కో వ్యవస్థాపకులు, పేలుడు పదార్థాలు తయారుచేసే సోలార్ ఇండస్ట్రీస్ పెట్టుబడి పెట్టారు. బెంగళూరు ఉపగ్రహ కంపెనీ పిక్సెల్‌లో గూగుల్ పెట్టుబడి పెట్టింది. కేంద్రం 2024 అక్టోబరులో ఈ రంగానికి వెయ్యి కోట్ల నిధిని ఆమోదించింది. రాష్ట్రం లేపాక్షి, తిరుపతిలో స్పేస్ సిటీలంటోంది. సంతోషమే. రాకెట్ ఫ్యాక్టరీ మాకూ కావాలని శ్రీకాకుళం, విజయనగరం పట్టుబట్టనక్కర్లేదు. ఉపగ్రహం పంపే సమాచారాన్ని కొనుక్కునే చోట మాత్రం మనవాళ్లు ఉండి తీరాలి.

ఎందుకో శ్రీకాకుళం తీరంలోని ఉద్దానాన్ని అడగండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు తోటల్లో కొబ్బరి చెట్లు కూలిపోయాయి, జీడి చెట్లు వేళ్లతో సహా లేచి పడ్డాయి. కరెంటు లేదు, రోడ్లకు అడ్డంగా మానులు. అలాంటప్పుడు సిబ్బంది తోట తోటకీ నడిచి పడిన చెట్లను లెక్కపెట్టాల్సి వచ్చింది. లెక్క తక్కువైందని, జాబితాలో పేరు లేదని రైతులు కాళ్లరిగేలా తిరిగారు. కొత్తగా నాటిన కొబ్బరి కాపుకు రావడానికే ఆరేడేళ్లు పడుతుంది. ఆ రైతుకు ప్రతి చెట్టు లెక్కా ముఖ్యమే.

రాడార్ ఉపగ్రహానికి మబ్బు అడ్డం కాదు, చీకటీ అడ్డం కాదు. 2025 జులై 30న ఇస్రో, నాసా కలిసి పంపిన రాడార్ ఉపగ్రహం నిసార్ 12 రోజులకోసారి అదే నేలను చూసి వెళుతుంది. తుపాను మర్నాడే తెలియాలంటే ఇంకా తరచుగా చూసేవి కావాలి, వచ్చిన చిత్రాన్ని సర్వే నంబరు వారీగా విప్పి చెప్పేవాళ్లు కావాలి. ఆ పని చేసే చిన్న కంపెనీలకు కొనేవాడు లేకపోతే నడక సాగదు. పలాసలోని ఒక్క జీడి ఫ్యాక్టరీ ఆ ఖర్చు భరించలేదు. ఫ్యాక్టరీల సంఘం, తోటల మీద అప్పులిచ్చిన బ్యాంకులు, బీమా కంపెనీలు, మూలపేట పోర్టు తలా కొంత వేసుకుంటే మూడు నాలుగేళ్ల ఒప్పందం అసాధ్యమేమీ కాదు. పంటల బీమాలో దిగుబడి అంచనాకు ఉపగ్రహ సమాచారం వాడటం 2023 ఖరీఫ్ నుంచి వరితో మొదలైంది కూడా. వేటకెళ్లే బోట్లకు ఉపగ్రహం ద్వారా జాడ, సందేశాలు పంపే లక్ష ట్రాన్స్‌పాండర్లు కేంద్రమే ఇస్తోంది. మన మత్స్యకారులు గుజరాత్ బోట్లలో వేటకెళ్లి, సముద్ర సరిహద్దు దాటారని పట్టుబడి పాకిస్తాన్ జైల్లో ఏడాదికి పైగా మగ్గిన సంగతి తెలిసిన జిల్లాలివి. ఆ పరికరాలు బాగా పనిచేసేలా చూడటంలో చేపలు, రొయ్యలు ఎగుమతి చేసేవారికీ బాధ్యత ఉంది.

అయితే డబ్బు పెట్టినవాడిదే చిత్రం అంటే ఒప్పుకోలేం. ఈ ఏడు జీడిపిక్కలు ఎన్ని వస్తాయో వ్యాపారికి ముందే తెలిసి, రైతుకు తెలియకపోతే రేటు ఎవరి చేతిలో ఉంటుంది? తాను చూడని ఫొటో చూపి పరిహారం రాదంటే రైతు ఎవరికి చెప్పుకోవాలి? అందుకే ప్రభుత్వం ఈ ఒప్పందంలో తన వాటా సొమ్ము కట్టి, షరతు కూడా పెట్టాలి. తన తోట తుపానుకు ముందు, తర్వాత ఎలా ఉందో రైతు తన ఊరి రైతు సేవా కేంద్రంలో ఉచితంగా చూసుకోగలగాలి, వివరం తెలుగులో ఉండాలి, తప్పుంటే అక్కడే ఫిర్యాదు రాసివ్వాలి. దిగుబడి అంచనా వ్యాపారికి చేరిన రోజే ఊళ్లోనూ అంటించాలి.

రెండు జిల్లాల కలెక్టర్లు జీడి వ్యాపారులను, రైతు సంఘాలను, బీమా కంపెనీలను, స్పేస్ స్టార్టప్‌లను ఒక చోట కూర్చోబెట్టాలి. వచ్చే అక్టోబరు తుపాన్లకు ముందే ఒక్క మండలంలోనైనా దీన్ని మొదలుపెట్టాలి. వజ్రపుకొత్తూరుతో మొదలుపెట్టమని మా సూచన.