గడ్డి జీనోమ్‌లో ముందుగా చదవాల్సింది పునరావృత డీఎన్‌ఏనే

ఏదైనా మొక్క జీనోమ్‌ను, అంటే దాని మొత్తం డీఎన్‌ఏను, చదివారన్న వార్త వచ్చినప్పుడల్లా అందులో ముందుగా కనిపించేది జన్యువుల సంఖ్య. గడ్డి కుటుంబం విషయంలో ఆ సంఖ్య చెప్పేది చాలా తక్కువ. వరి జీనోమ్‌లో దాదాపు 39 కోట్ల క్షార జంటలు (డీఎన్‌ఏ అక్షరాలు) ఉంటే జొన్నలో 73 కోట్లు, మొక్కజొన్నలో 230 కోట్లు ఉన్నాయి. జన్యువుల సంఖ్యలో మాత్రం ఈ మూడింటి మధ్య అంతటి అంతరం లేదు. మిగిలిన విస్తారమంతా ప్రధానంగా నకళ్లు నకళ్లుగా పేరుకున్న పునరావృత డీఎన్‌ఏ. జొన్నలో అది 60 శాతం పైచిలుకు, మొక్కజొన్నలో సుమారు 85 శాతం. అందువల్ల కొత్త గడ్డిజాతిని అధ్యయనానికి తీసుకున్నప్పుడు పునరావృత భాగాల సర్వేను (జీనోమ్‌లో కొద్ది భాగాన్నే యాదృచ్ఛికంగా చదివి వాటి వాటాను అంచనా వేయడాన్ని) స్తోమత చాలక చేసే పనిగా కాక, తొలి కర్తవ్యంగా చూడాలని నా అభిప్రాయం.

ఇంధన పంటగా పేరొందిన బహువార్షిక గడ్డి మిస్కాంథస్ జైగాంటియస్‌నే తీసుకుందాం. ఇది రెండు మిస్కాంథస్ జాతుల సంకరం. ద్వయస్థితిక (రెండు క్రోమోజోమ్ సమితులున్న) సైనెన్సిస్, చతుస్థితిక (నాలుగు సమితులున్న) సాకరీఫ్లోరస్ కలిసి 57 క్రోమోజోములున్న ఈ త్రయస్థితిక మొక్కకు జన్మనిచ్చాయి. దీనికి మొలకెత్తే విత్తనాలు కట్టవు కనుక నేలలోని కొమ్ములతోనే వ్యాపింపజేస్తారు. ఒక్కో కణంలో సుమారు 700 కోట్ల క్షార జంటలు, అవీ మూడు క్రోమోజోమ్ సమితులుగా ఉండే ఇలాంటి జీనోమ్‌ను 100–150 అక్షరాల పొట్టి ముక్కలుగా చదివి తిరిగి అతకడం దుస్సాధ్యం. తన నకళ్లను జీనోమ్‌లో కొత్త చోట్ల చేర్చుకుంటూ పోయే డీఎన్‌ఏ శ్రేణిని రెట్రోట్రాన్స్‌పోజాన్ అంటారు. అలాంటి ఒక్కోదాని పొడవే వేల అక్షరాలు ఉంటుంది; ఒకదాన్నొకటి పోలిన దాని నకళ్లన్నీ అతికింపులో కుప్పకూలి ఒక్కటిగా కనిపిస్తాయి.

సర్వే పద్ధతి ఈ చిక్కునే ఆధారంగా మలచుకుంటుంది. జీనోమ్ పరిమాణంలో పదోవంతు మేరకే, అంటే 0.1 రెట్లే, డీఎన్‌ఏను యాదృచ్ఛికంగా చదివామనుకోండి. ఒకే ఒక్క ప్రతి ఉన్న జన్యువులో ఎక్కువ భాగం మన కంటికి చిక్కదు. అదే 10,000 నకళ్లున్న పునరావృత శ్రేణి అయితే సగటున 1,000 సార్లు ఎదురవుతుంది. ఒకదానితో ఒకటి పోలిన ముక్కలను గుంపులుగా చేర్చితే, ఏ గుంపు ఎంత పెద్దదో దాన్నిబట్టి ఆ కుటుంబం జీనోమ్‌లో ఎంత వాటా ఆక్రమించిందో తేలుతుంది. ముందుగా తెలిసిన శ్రేణుల జాబితా అవసరం లేకపోవడం ఈ పద్ధతికున్న అసలైన బలం. ఆ జాబితాపైనే ఆధారపడితే, కొత్త జాతికి ప్రత్యేకమైన శ్రేణులు లెక్కలోకే రావు.

జన్యువుల పరంగా మిస్కాంథస్‌కు జొన్న దగ్గరి బంధువు. జొన్నకు 10 క్రోమోజోముల జతలుంటే, మిస్కాంథస్ మూల సంఖ్య (ఒక్కో సమితిలోని క్రోమోజోముల సంఖ్య) 19. పూర్వం మొత్తం జీనోమ్ రెట్టింపై, ఆ తర్వాత రెండు క్రోమోజోములు కలిసిపోవడమే ఇందుకు కారణం. జన్యువుల వరుసను పోల్చడానికి జొన్న జీనోమ్ చక్కగా ఉపకరిస్తుంది. జన్యువుల నడుమ ఉన్న రెట్రోట్రాన్స్‌పోజాన్ల విషయంలో ఆ సాయం అంతగా అందదు, ఎందుకంటే అవి కొన్ని లక్షల ఏళ్లలోనే చేరుతూ, చెరిగిపోతూ ఉంటాయి. ఎంత వేగంగా అన్నది ఆస్ట్రేలియాలోని అడవి వరి ఒరైజా ఆస్ట్రేలియెన్సిస్ చూపుతుంది. ఇదీ బహువార్షిక గడ్డే. క్రోమోజోముల సంఖ్య మారకుండానే, కేవలం మూడు రెట్రోట్రాన్స్‌పోజాన్ కుటుంబాల విజృంభణతో, గత 30 లక్షల ఏళ్లలో దీని జీనోమ్ రెట్టింపైంది. జన్యువులను మాత్రమే లెక్కించే అధ్యయనానికి ఇంత పెద్ద పరిణామం కనిపించనే కనిపించదు.

ఇప్పుడు వేల అక్షరాలను ఒకేసారి చదివే యంత్రాలు వచ్చాయి కదా, ఇంకా సర్వే ఎందుకన్న ప్రశ్న సమంజసమే. ఏ నకలు ఏ క్రోమోజోముపై ఎక్కడుందో సర్వే చెప్పలేదు. దానికి పూర్తి జీనోమే కావాలి. అయితే పూర్తి జీనోమ్ సాధారణంగా ఒక్క మొక్కది. ఏళ్ల తరబడి కొమ్ములతోనే వ్యాపించిన గడ్డిలో, ఒకే మూలం నుంచి వచ్చిన మొక్కల మధ్య పునరావృత భాగాలు ఎలా మారాయో తెలుసుకోవాలంటే పదుల, వందల మొక్కలను చూడాలి. ఆ ఖర్చును భరించగలిగేలా చేసేది తక్కువ మోతాదు సర్వే ఒక్కటే. దానితోపాటు ప్రతి మొక్కకూ ఫ్లో సైటోమెట్రీతో (రంగు పట్టించిన కణ కేంద్రకాల వెలుగును బట్టి డీఎన్‌ఏ మొత్తాన్ని లెక్కగట్టే పద్ధతితో) జీనోమ్ పరిమాణాన్ని విడిగా కొలవడం తప్పనిసరి చేయాలి. ఆ కొలత లేకపోతే సర్వే ఇచ్చిన శాతాలను అసలు నకళ్ల సంఖ్యగా మార్చలేం, ఒక మొక్కను మరో మొక్కతో పోల్చనూ లేం.